ప్రాజెక్టు డైరీ: మాక్రోకి ఏ లెన్సు, వైడుకి ఏ డోము, కంటికి ఏ వ్యూఫైండరు

ఏం చెయ్యాలనుకుంటున్నాను

విశాఖపట్నం దగ్గర రుషికొండ నుంచి మంగమారిపేట వైపు, తీరానికి దగ్గరగా నీటి అడుగున పెద్ద పెద్ద రాళ్లున్నాయి. వాటి మీద బతికే చిన్న ప్రాణుల్నీ, ఆ రాళ్ల రూపాన్నీ ఫోటోలుగా ఒకచోట చేర్చాలన్నది ఈ ప్రాజెక్టు. చిన్న ప్రాణులంటే గుల్ల లేని రంగురంగుల సముద్రపు నత్తలు, గోరంత పీతలు, రొయ్యలు, రాతి సందుల్లోంచి తలలు బయటపెట్టి చూసే బ్లెన్నీ చేపలు. పోల్చి చూడ్డానికి తేట నీళ్లు కూడా కావాలి కాబట్టి రెండో భాగం అండమాన్‌లో, స్వరాజ్ ద్వీప్ చుట్టుపక్కల.

కెమెరా బాడీ, హౌసింగు (కెమెరాకు నీళ్లు తగలకుండా మూసే పెట్టె) ముందే ఉన్నాయి: ఒలింపస్ ఈ-ఎమ్1 మార్క్ 2, అల్యూమినియం హౌసింగు. ఎంచుకోవాల్సినవి చిన్నవాటిని పెద్దగా తీసే మాక్రో లెన్సు, వెడల్పాటి దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్సుతోపాటు దాని ముందుండే గుండ్రటి గాజు కిటికీ అయిన డోము, హౌసింగు వెనక బిగించే వ్యూఫైండరు. మూడూ ఒకేసారి కొనే స్తోమత లేదు. ఏది ముందు కొనాలో తేల్చుకోడానికే ఈ డైరీ.

అక్టోబరు: నీళ్లతో లెక్క

కొనే ముందు కాగితం మీద కొంత లెక్క వేసుకున్నాను. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. చదునైన గాజు వెనకనుంచి, అంటే ఫ్లాట్ పోర్టులోంచి చూస్తే నీళ్లలో ఉన్న వస్తువు అసలు దూరంలో ముప్పావు వంతు దూరంలోనే ఉన్నట్టు, మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. లెన్సు చూపు ఆ మేరకు ఇరుకైపోతుంది. ఎంత వైడ్ లెన్సు పెట్టినా ఫ్లాట్ పోర్టులోంచి సుమారు 97 డిగ్రీలకు మించి నీటి లోకం కనబడదు. దానికి చాలా ముందునుంచే అంచుల్లో రంగులు విడిపోయి, బొమ్మ సాగిపోతుంది. వైడుకి డోము తప్పనిసరి కావడానికి ఇదే కారణం.

మాక్రోకి మాత్రం ఇదే గుణం మేలు చేస్తుంది. లెన్సు 1:1 దగ్గర, అంటే వస్తువు సెన్సారు మీద దాని అసలు సైజులోనే పడేలా, ఫోకస్ అయినప్పుడు నీళ్లలో కూడా 1:1 గానే తీస్తుంది, పైగా వస్తువుకీ పోర్టుకీ మధ్య జాగా పెరుగుతుంది. పెరటి నీళ్ల తొట్టిలో స్టీలు స్కేలు పెట్టి చూశాను. ఫ్రేములో ఈ చివరినుంచి ఆ చివరికి 17 మిల్లీమీటర్ల గీతలు పట్టాయి. సెన్సారు వెడల్పు 17.3 మిల్లీమీటర్లు, లెక్క సరిపోయింది. గాలిలో పోర్టు నుంచి స్కేలుకు ఎనిమిది సెంటీమీటర్లు ఉంటే, నీళ్లలో పది దాటింది. భయస్తురాలైన పీతకు ఆ రెండు సెంటీమీటర్లు చాలా పెద్ద ఊరట.

తేటతనం సంగతి వేరు. విశాఖ తీరంలో వానలకు మట్టి నీళ్లు కలుస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అడుగు నీళ్లు పైకొచ్చి, సూక్ష్మజీవులు పెరిగి పచ్చబారుతాయి. తేటగా ఉన్న రోజున కూడా నాకూ చేపకూ మధ్య ఎన్ని నీళ్లుంటే ఫోటో అంత పాడు. తేలే నలుసులన్నీ స్ట్రోబు (నీళ్లలో వాడే ఫ్లాష్) వెలుగులో చుక్కలై మెరుస్తాయి. అందుకే ఏ లెన్సునైనా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీంతో ఎంత దగ్గరికి వెళ్లగలను?

నవంబరు: మాక్రో లెన్సు

ఈ మౌంటుకు (కెమెరాకు లెన్సు తగిలించే అమరిక) దొరికేవాటిలో 30, 45, 60 మిల్లీమీటర్ల మాక్రోలు చూశాను.

ఒలింపస్ 30 మి.మీ. లెన్సు 1.25 రెట్ల వరకూ తీస్తుంది, ధర కూడా తక్కువే. కానీ చివరంటా దగ్గరికి తెస్తే లెన్సు మూతికీ వస్తువుకీ మధ్య ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఉండదు. ముందు పోర్టు గాజు కూడా వస్తే స్ట్రోబు వెలుగు లోపలికి దూరడానికి సందెక్కడ? చేతివేలంత చేపలకు, ఆక్టోపస్‌కు, రాయికి అతుక్కుని కదలకుండా కూర్చునే స్కార్పియన్ చేపకు బాగుంటుంది. బియ్యపుగింజంత నత్తకు పనికిరాదు.

పానసోనిక్ 45 మి.మీ. లెన్సు చక్కనిదే, 15 సెంటీమీటర్ల దగ్గర 1:1 ఇస్తుంది. రంగులు, పదును నాకు నచ్చాయి. దాన్ని కాదని 60 వైపు నన్ను తిప్పింది ఫోకసే. నా బాడీ మీద ఒలింపస్ 60 మి.మీ. లెన్సు చీకటి సందుల్లో త్వరగా పట్టుకుంది, పానసోనిక్ కొంచెం తడుముకుంది. నీళ్లలో అలకు నేనూ ఊగుతాను, సముద్రపు విసనకర్ర (విసనకర్రలా విచ్చుకునే పగడం) కొమ్మా ఊగుతుంది. ఆ ఊగులాటలో అర క్షణం తేడా చాలా లెక్క.

60 మి.మీ.లో ఇంకో సుగుణం, ఫోకస్ హద్దు పెట్టుకునే మీట. అది 19 నుంచి 40 సెంటీమీటర్ల మధ్యే వెతికేలా పెట్టి హౌసింగు మూసేశాను. లెన్సు ఇక దూరంగా ఉన్న నీలి నీళ్లవైపు పరుగెత్తదు.

ఫుల్ ఫ్రేము (నాదానికంటే పెద్ద సెన్సారు) కెమెరాలు వాడే మిత్రులు 90, 100, 105 మి.మీ. మాక్రోలతో పనిచేస్తారు. వాళ్లు అండమాన్ నీళ్లలో చెప్పే మాట రుషికొండలో కుదరదు. మసక నీళ్లలో పొడుగు లెన్సు పెట్టి, రెండు జానల పొడుగు చేపను ఫ్రేములో పట్టించాలంటే మీటరున్నరకు పైగా వెనక్కి జరగాలి. ఆ దూరమంతా నలుసులే. మసక తీరాల్లో పనిచేసేవాళ్లు ఏ ఫార్మాట్‌లోనైనా మొదటి మాక్రోగా పొట్టి లెన్సు వైపు మొగ్గితే మంచిదని నా అభిప్రాయం. నా సెన్సారు మీద 60 అంటే ఫుల్ ఫ్రేము లెక్కలో 120 అన్నమాట నిజమే. అయితే నేను వెతికేవి అంగుళం లోపు ప్రాణులు కాబట్టి, వాటికి ఎలాగూ దగ్గరికే పోతాను.

ఎపర్చరు (లెన్సులో కాంతి దూరే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే చిన్నదవుతుంది) గురించి ఒక మాట రాసి పెట్టుకుంటున్నాను. 1:1 దగ్గర ఎఫ్/8 పెడితే స్పష్టంగా వచ్చే మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. మందం పెంచుదామని ఎఫ్/16, ఎఫ్/22 దాకా పోతే ఈ చిన్న సెన్సారు మీద డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా పోయే కాంతి చెదరడం) వల్ల బొమ్మ అంతా మెత్తబడుతుంది. నేను ఎఫ్/8, ఎఫ్/11 మధ్యనే ఉంటాను. అర మిల్లీమీటరు ఎక్కడ పడిందో కంటికి తెలియాలి కదా అన్న ఆలోచనతోనే జనవరి పని మొదలైంది.

డిసెంబరు: వైడ్ లెన్సు, డోము

డోము చేసే పని తమాషాగా ఉంటుంది. అది కూడా నీళ్లలో ఒక లెన్సే. చూపు కోణాన్ని తిరిగి ఇస్తుంది గానీ, దూరంగా ఉన్న సముద్రమంతటినీ తెచ్చి డోము ముందు దగ్గర్లో ఒక వంపు తిరిగిన మాయాబొమ్మగా నిలబెడుతుంది. ఎంత దగ్గర్లో అంటే, డోము వ్యాసార్ధానికి మూడు రెట్ల దూరంలో. ఎనిమిది అంగుళాల డోము వ్యాసార్ధం పది సెంటీమీటర్లు, అనంత దూరం ముప్పై సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. నాలుగంగుళాల డోముకైతే పదిహేను సెంటీమీటర్లకే. కెమెరా ఫోకస్ చేసేది అసలు సముద్రం మీద కాదు, ఆ బొమ్మ మీద.

కాబట్టి డోము వెనక పెట్టే లెన్సు ఎంత దగ్గర ఫోకస్ చేస్తుందన్నదే అన్నిటికంటే ముఖ్యం. పానసోనిక్ 7-14 మి.మీ. జూము కనీస దూరం 25 సెంటీమీటర్లు. అదే కంపెనీ 8 మి.మీ. ఫిష్ఐకి (గీతలు వంగినా చాలా వెడల్పుగా చూపే లెన్సు) 10 సెంటీమీటర్లే. ఆరంగుళాల డోము వెనక 7-14 పెడితే డోముకు బాగా దగ్గరికి వచ్చిన పగడం ఫోకస్‌కు అందడం కష్టం. ఫిష్ఐ, చిన్న డోము జోడీలో పగడం గాజుకు నాలుగు వేళ్ల దూరానికి వచ్చినా పదునుగా పడుతుంది, వెనక రాళ్లు, పైన పడవ నీడ కూడా ఫ్రేములోనే ఉంటాయి.

మూలలు మెత్తబడటం రెండో సమస్య. మాయాబొమ్మ వంపు తిరిగి ఉంటుంది, నేరు గీతల జూము లెన్సులు చదునైన బొమ్మను ఆశిస్తాయి. పూల్‌లో గోడ పలకల మీద లామినేట్ చేసిన అక్షరాల కాగితం అంటించి తీశాను. 7-14 జూముతో ఎఫ్/5.6 దగ్గర మూల అక్షరాలు చదవడానికి రాలేదు. ఎఫ్/8కి కుదుటపడ్డాయి, ఎఫ్/11కి బాగున్నాయి. ఫిష్ఐ ఎఫ్/5.6కే ఇంచుమించు ఆ స్థాయికి చేరింది. గీతలు వంగుతాయి నిజమే, కానీ సముద్రం అడుగున నేరు గీతలెక్కడున్నాయి? మునిగిన ఓడల్ని తీసేవాళ్లకు జూము కావాలేమో గానీ నా రాళ్లకు ఫిష్ఐ సరిపోతుంది.

డోము సైజు మణికట్టుకూ సంబంధించిన విషయం. ఎనిమిది అంగుళాల డోము పూర్తి అర్ధగోళమైతే లోపల సుమారు రెండు లీటర్ల గాలి పడుతుంది. అంటే రెండు కిలోల పైకితోపు, అదీ హౌసింగు ముందు భాగంలో. మూతి ఆకాశం వైపు లేస్తుంటే డైవంతా దాన్ని కిందికి వంచుతూ ఉండాలి. నాలుగంగుళాల డోములో పట్టేది పావు లీటరే. సగం నీరు, సగం ఆకాశం కలిపి తీసే ఫోటోలకు మాత్రం పెద్ద డోమే మేలు, అలను గాజు మీద నిలపడం సులువు. ఆ కోరిక నాకు ప్రస్తుతానికి లేదు.

చిన్న డోము వల్ల స్ట్రోబుల్ని కూడా దగ్గరికి లాక్కోవచ్చు. రాతి సందులోకి డోము మూతి దూర్చి, పక్కన రెండు స్ట్రోబులు పెట్టడం పెద్ద డోముతో కుదరని పని.

డోము వెనక ఎక్స్‌టెన్షన్ రింగు పొడవు గురించి ఎవరూ తొందరపడొద్దు. లెన్సులోకి కాంతి దారి కలిసే చోటు డోము గోళ కేంద్రం మీద పడాలి. హౌసింగు కంపెనీలు ఏ లెన్సుకు ఎంత రింగు వాడాలో పట్టిక ఇస్తాయి, దాన్నే పాటించడం మంచిది.

ఇంకో దారి కూడా పరిశీలించాను. ఫ్లాట్ పోర్టు వెనక 14-42 మి.మీ. జూము పెట్టి, నీళ్లలోనే ముందు బిగించే వెట్ లెన్సులు మార్చుకోవచ్చు. నాటికామ్ వారి డబ్ల్యూడబ్ల్యూఎల్-1 పెడితే 130 డిగ్రీలు వస్తుంది, తీసేసి క్లోజప్ లెన్సు మడిచి పెడితే మాక్రో వస్తుంది. ఒకే డైవులో ఏమెదురవుతుందో తెలియని చోట ఇది గొప్ప సదుపాయం. నేనిది ఎంచుకోకపోవడానికి కారణం నా ప్రాజెక్టు పద్ధతి: ఈరోజు మాక్రో అనుకుని దిగితే సొరచేప వచ్చినా మాక్రోనే. ఒక పని మీదే కన్ను పెడితే రాతి మీద అంతకుముందు కనిపించనివి కనిపిస్తాయి.

జనవరి: వ్యూఫైండరు

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. చాలామంది మూడో లెన్సు కొన్నాక దీని సంగతి ఆలోచిస్తారు. రెండో లెన్సు కంటే ముందే దీనికి డబ్బు పెట్టాలన్న నిర్ణయానికి వచ్చాను, ఎందుకో రాస్తాను.

ఈ కెమెరా వ్యూఫైండరులో మొత్తం ఫ్రేము కనబడాలంటే కన్ను గాజుకు సుమారు 21 మిల్లీమీటర్లలో ఉండాలి. నీళ్లలో కంటికి ముందు మాస్కు, దాని ముందు హౌసింగు గోడ. కన్ను ఆ దూరం దాటిపోయాక మామూలు హౌసింగు కిటికీలోంచి మధ్య భాగం మాత్రమే చిన్నగా కనిపిస్తుంది, మూలలు చూడాలంటే తల అటూ ఇటూ జరపాలి. అర మిల్లీమీటరు ఫోకస్ ఎక్కడ పడిందో అందులో తెలియదు. బయట బిగించే వ్యూఫైండరు చేసేది, ఆ బొమ్మను ముందుకు మోసుకొచ్చి, మాస్కు వెనకున్న కంటికి నాలుగు మూలలతో సహా అందించడం.

పాత కాలంలోనూ వ్యూఫైండరు విడిగానే ఉండేది. 1963లో వచ్చిన నీటి అడుగు కెమెరా నికోనోస్‌లో లెన్సులోంచి చూసే వీలే లేదు. 15 మి.మీ. వైడ్ లెన్సుకు కెమెరా నెత్తిన ఇంకో వ్యూఫైండరు తగిలించేవారు. మాక్రోకి ఎక్స్‌టెన్షన్ ట్యూబుతోపాటు ఒక తీగ చట్రం ఉండేది, ప్రాణి ఆ చట్రంలోకి వస్తే ఫోకస్‌లో ఉన్నట్టే లెక్క. కదిలే ప్రాణి ముందు తీగలు జాపితే పారిపోక ఏం చేస్తుంది! 1992లో నికోనోస్ ఆర్ఎస్ లెన్సులోంచి చూసే సౌకర్యం, ఆటోఫోకస్ తెచ్చింది. ఇప్పుడు నాకు దొరుకుతున్న బొమ్మను వాళ్లు చూసి ఉంటే ఏమనేవారో అనిపిస్తుంది.

బయట బిగించే వ్యూఫైండర్లలో 180 డిగ్రీలది, 45 డిగ్రీలది రెండూ అరువు తెచ్చుకుని ఒకదాని తర్వాత ఒకటి బిగించి చూశాను.

180 అంటే నేరుగా ముందుకు చూసేది. ఎటు చూస్తే అటే తీస్తాం, నేర్చుకోవాల్సిందేమీ లేదు. బరాకుడా గుంపు, ఈదుతూ పోయే తాబేలు, ఇలాంటివాటికి దీన్ని మించింది లేదు. కానీ ఇసక మీద ఉన్న నత్తను దాని ముఖం ఎత్తులో తీయాలంటే నా ముఖం కూడా ఇసకలోకి దిగాలి. మెడ వెనక్కి విరవాలి, సిలిండరు వాల్వు తలకు తగులుతుంది. కడుపు అడుగుకు ఆనుతుంది, ఆనితే మట్టి లేస్తుంది.

45 డిగ్రీలదాన్లో కళ్లు కిందికి చూస్తాయి, కెమెరా ముందుకు చూస్తుంది. హౌసింగును రాతి పక్కన కిందికి పెట్టి, శరీరాన్ని పైన తేలుతూ ఉంచి తీయొచ్చు. రాళ్ల దగ్గర మొదట వాడిన రోజున పడవెక్కాక మా డైవ్ గైడు అడిగాడు, "ఏటి సార్, ఈసారి ఇసక మీద పడుకోనేదు?"

"అక్కర్లేకపోయింది తమ్ముడూ. పైనుంచే కనబడిపోతోంది."

"అయితే మంచిదే. మీరు పడుకుంటే ఆ పక్కనున్నోళ్లకి ఏటీ కనబడదు."

అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. లేచిన మట్టి నా ఒక్కడి ఫోటోతో పోదు. పగడాలకైతే మోకాలు తగిలినా దెబ్బే, మన దేశంలో అవి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వ్యూఫైండరు శరీరాన్ని రాతికి దూరంగా ఉంచుతుందంటే అది ఫోటో సామాను మాత్రమే అనుకోను.

ఆ రోజు చూసిన దృశ్యాన్ని ఉన్నదున్నట్టు రాస్తాను. స్పాంజి అంచున ఒక నత్త, పొడవు చిటికెన వేలి గోరంత. తల మీద రెండు కొమ్ములు, ఒక్కో కొమ్ముకు పొరలు పొరలుగా మడతలు. వాసన పట్టేవి అవే. హౌసింగు కిటికీలోంచి అయితే రెండు ముదురు చుక్కలు. 45లోంచి ఒక్కో మడత అంచున తెల్లని గీత కనబడింది. ఎడమ కొమ్ము పదునుగా, కుడిది రవ్వంత వెనక. ఫోకస్ ముట్టుకోకుండా హౌసింగును వెంట్రుకవాసి ముందుకు జరిపాను, రెండు కొమ్ములూ ఒకే తలంలోకి వచ్చాయి. అప్పుడు నొక్కాను. అంచనాతో కాకుండా కంటితో చూసి నొక్కడం అంటే ఏమిటో ఆ బొమ్మలో అర్థమైంది.

45కు అలవాటు కావాలి. ప్రాణి పైకి పోతే చెయ్యి కిందికి పోతుంది మొదట్లో. అందుకని ఇంట్లో డాబా మీద హౌసింగు పట్టుకుని గద్దల్ని వెంబడించడం సాధన చేస్తున్నాను. గద్దను ఫ్రేములో నిలపగలిగితే చేప పెద్ద కష్టం కాదు. నిలువు ఫ్రేముకు వ్యూఫైండరును బిగించిన చోటే తిప్పుకోవచ్చు, ఆ తిప్పడం చేతికి రావాలి.

కెమెరాలో రెండు అమరికలు తప్పనిసరి. ఒకటి ఎల్‌వీ బూస్ట్. స్ట్రోబుతో తీసేటప్పుడు ఎఫ్/11, 1/250, ఐఎస్ఓ 200 లాంటి సెట్టింగులుంటాయి. ఎలక్ట్రానిక్ వ్యూఫైండరు ఆ ఎక్స్‌పోజరునే చూపిస్తే లోపలంతా చీకటి. బూస్ట్ ఆన్ చేస్తే సెట్టింగులతో పని లేకుండా బొమ్మ వెలుగుగా ఉంటుంది. వైడ్ తీసేటప్పుడు వెనక నీళ్ల నీలం ఎంతుందో చూడాలి కాబట్టి దాన్ని ఆఫ్ చేస్తాను. రెండోది కంటి పవరు. నలభై ఐదేళ్లు దాటినవాళ్లు ముందు కెమెరా పక్కనున్న చిన్న చక్రం తిప్పి, అక్షరాలు స్పష్టంగా వచ్చాకే హౌసింగు మూయాలి. బయటి వ్యూఫైండరులో ఉన్న సర్దుబాటు ఆ తర్వాత. ఈ వరస తిరగేస్తే రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి.

ఫిబ్రవరి: అండమాన్

పోర్ట్ బ్లెయిర్‌ను ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. జంగ్లీఘాట్ వైపు తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది, మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. స్వరాజ్ ద్వీప్‌కు ఫెర్రీ.

డిక్సన్స్ పినకిల్ దగ్గర మెత్తటి పగడాలు రాతినిండా పూసి ఉంటాయి. ఫిష్ఐ, చిన్న డోము, 45 వ్యూఫైండరుతో దిగాను. వైడుకి 45 పనికిరాదన్న మాట చాలాసార్లు విన్నాను. నా అనుభవం వేరేగా ఉంది. ఫిష్ఐతో బాగుండే ఫోటో అంటే పగడం కిందినుంచి పైకి, సూర్యుడి వైపు తీసేదే. దానికి కెమెరా కింద ఉండాలి, తల పైన ఉండాలి. 45 సరిగ్గా అదే ఇస్తుంది. వేగంగా పోయే చేపల దగ్గర మాత్రం 180 వాళ్ల మాటే నెగ్గుతుంది: జానీస్ గార్జ్‌లో తెల్లమొన సొర ఒకటి పక్కనుంచి పోతే నేను వ్యూఫైండరు వదిలేసి, హౌసింగు మీదనుంచి గురిచూసి తీశాను. ఫిష్ఐ వెడల్పు వల్ల ఫ్రేములో పడింది.

మాక్రో డైవుల్లో నెమో రీఫ్ లాంటి లోతు తక్కువ చోట ఎండ నేరుగా వెనక తెర మీద పడుతుంది, తెరలో నా ముఖం తప్ప ఏదీ కనబడదు. వ్యూఫైండరులో ఆ బాధ లేదు. తీసిన ఫోటోను కూడా కన్ను తీయకుండానే అందులో పెద్దది చేసి చూసుకోవచ్చు.

మార్చి: కొనుగోలు వరస, మిగిలిన పని

మొదట 60 మి.మీ. మాక్రో, దాని ఫ్లాట్ పోర్టు. రెండోది 45 డిగ్రీల వ్యూఫైండరు. మూడోది 8 మి.మీ. ఫిష్ఐ, నాలుగంగుళాల డోము. ఫిష్ఐ అప్పటిదాకా అరువుదే. మొదటి రెండూ చేతికొచ్చాయి. 60 మీద పెట్టుకునే క్లోజప్ వెట్ లెన్సు తర్వాత సంగతి. +10 డయాప్టరు (పవరు) ఉన్న క్లోజప్ లెన్సు పెడితే లెన్సు అనంతం దగ్గర ఉన్నా ఫోకస్ పది సెంటీమీటర్లకే వచ్చేస్తుంది కాబట్టి, ముందు 1:1 మీద చెయ్యి కుదరాలి.

మిగిలిన పనులు: వ్యూఫైండరు బిగించే చోట ఉన్న ఓ-రింగుకు గ్రీజు పలచగా రాయడం, దాన్ని మార్చిన ప్రతిసారీ వాక్యూమ్ పంపుతో లీకు పరీక్ష. 60 మి.మీ. ఫోకస్ గేరు (హౌసింగు బయటినుంచి లెన్సు ఫోకస్ తిప్పేది) ఇంకా రాలేదు. అది వచ్చాక మాన్యువల్ ఫోకస్, ఫోకస్ పీకింగ్ (పదునుగా ఉన్న అంచుల్ని రంగు గీతతో చూపే సదుపాయం) కలిపి తొట్టిలో అదే స్టీలు స్కేలును ఏటవాలుగా పెట్టి చూడాలి. పీకింగ్ చూపించే రంగు గీత అసలు ఫోకస్ కంటే ఎన్ని మిల్లీమీటర్లు వెడల్పుగా ఉంటుందో ఆ గీతల మీదే తేలుతుంది.